కెమెరా వెనుక బెరుకు



ఇప్పుడు మనలో చాలామంది దగ్గర కెమెరా ఉంది. జేబులోనో చేతిసంచిలోనో ఉండే ఫోనులోనే అది ఉంది. పెళ్లిలో తీస్తాం, పుట్టినరోజున తీస్తాం, తిరుమల కొండ ఎక్కుతూ మెట్ల మీద నిలబడి తీస్తాం. అప్పుడు ఏ జంకూ ఉండదు. కానీ వీధి మలుపులో ఒక ముసలాయన శనక్కాయలు వేయిస్తూ ఉంటాడు. పొగలోంచి ఒక్కసారి తలెత్తి చూస్తాడు. ఆ ముఖం, ఆ చూపు మనసుకు పట్టేస్తుంది. చేయి జేబులోకి పోతుంది. అక్కడే ఆగిపోతుంది. ఏమనుకుంటాడో! తిడితే? నలుగురూ పోగైతే? ఇలా అనుకునేలోపల ఆయన తల దించుకుని తన పనిలో పడిపోతాడు. మనం ఏమీ జరగనట్టు నడిచి వెళ్లిపోతాం. ఇంటికి వెళ్లాక, తీసి ఉండాల్సింది అనుకుంటాం.

ఈ బెరుకు గురించే ఈరోజు మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. నేను వృత్తిరీత్యా బడిపంతులును, ఫోటోగ్రాఫరును కాను. ఉండేది యలహంకలో. ఆదివారాలు కెమెరా భుజాన వేసుకుని తిరగడం కొన్నేళ్లుగా అలవాటు. ఈ బెరుకుతో నేను బాగా అవస్థ పడ్డాను. దాన్ని పోగొట్టుకోబోయి ఒక తప్పు కూడా చేశాను. ఆ తప్పే నాకు పాఠం చెప్పింది.

యలహంక మీకు కొత్త ఊరు కాదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు నుంచి బెంగుళూరుకు వచ్చే రైళ్లు గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం దాటి యలహంక జంక్షనుకు చేరతాయి. కోలారు, చింతామణి, చిక్కబళ్లాపురం నుంచి వచ్చే దారి కూడా ఇక్కడే కలుస్తుంది. 1537లో బెంగుళూరు కోట కట్టించిన కెంపేగౌడ యలహంక నాడప్రభువుల వంశంవాడు. ఆ లెక్కన ఈ ఊరు బెంగుళూరుకు పుట్టిల్లు. ఇప్పుడు నగరం పెరిగి పెరిగి తన పుట్టింటినే కడుపులో పెట్టుకుంది. ఒకవైపు రైలు చక్రాల కర్మాగారం, ఇంకోవైపు వైమానిక దళ స్థావరం, నడుమ పాత ఊరు, న్యూటౌను, చెరువు. తెల్లవారుజామున స్టేషను బయట నిలబడితే కన్నడం, తెలుగు, ఉర్దూ, తమిళం, హిందీ అన్నీ వినబడతాయి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో టిఫిన్ క్యారియరు పట్టుకుని దిగేవాళ్లలో మన పక్క జనం ఎంతమందో! ముఖాలు చూడడం ఇష్టమైనవాడికి ఇంతకంటే మంచి చోటు అక్కరలేదు. అయినా మొదటి ఆరు నెలలు నేను తీసినవి గుడి గోపురాలు, చెట్లు, చెరువులో కొంగలు. మనుషుల ఫోటో ఒక్కటీ లేదు. కొంగ అయితే 'ఎందుకు తీశావు' అని అడగదు కదా!

ఈ బెరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

నేను బి.ఎడ్. చదివేటప్పుడు బోధనాభ్యాసానికని మమ్మల్ని ఒక బడికి పంపారు. తెలియని తరగతి. ఎదురుగా నలభై ముఖాలు. వెనక బెంచీలో మార్కులు వేయడానికి వచ్చిన లెక్చరరు. నల్లబల్ల మీద తేదీ వేయడానికి సుద్దముక్క ఎత్తితే చేయి వణికింది. ఆ తేదీ తప్పు రాశాను. పిల్లలు నవ్వారు. పది నిమిషాలు గడిచాక ముందు వరుసలో ఒక అమ్మాయి లేచి నిజంగానే అర్థం కాక ఒక ప్రశ్న అడిగింది. ఆమెకు వివరించే పనిలో పడ్డాను. ఆ తర్వాత నా వణుకు ఏమైందో నాకే తెలియదు. తర్వాత ఆలోచిస్తే విషయం బోధపడింది. నాకు పిల్లలంటే భయం లేదు. వాళ్ల కళ్లకు నేను ఎలా కనబడుతున్నానో అన్నదే భయం. ధ్యాస నా మీద నుంచి ఆ అమ్మాయి మీదికి మళ్లింది, భయం సడలింది.

కెమెరా దగ్గరా ఇదే జరుగుతుంది. 'నన్ను ఏమనుకుంటారో' అన్నది మొదటి భయం. ఇందులో నేను, నన్ను, నాకు తప్ప ఇంకేమీ లేదు. ఇది చాలావరకు ఉత్త ఊహ. అడిగిచూస్తే పదిమందిలో ఎక్కువమంది నవ్వుతారు, కొందరు జుట్టు సరిచేసుకుంటారు, ఒకరిద్దరు వద్దంటారు. కొట్టడానికి వచ్చినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

అయితే అది తెలుసుకోవడానికి ముందు నేను ఒక అడ్డదారి తొక్కాను. దూరం నుంచి దగ్గరగా చూపించే జూమ్ లెన్సు ఒకటి కొన్నాను. రోడ్డుకు ఇవతల టీ అంగట్లో కూర్చుని అవతల ఉన్నవాళ్లను తీయడం మొదలుపెట్టాను. వాళ్లకు తెలియదు, నాకు జంకు లేదు. భయం పోయిందని సంబరపడ్డాను. నిజానికి పోలేదు, నాతోపాటు రోడ్డుకు ఇవతలికి జరిగిందంతే.

మా పక్కన ఒకచోట పొద్దున్నే కూలీలు చేరతారు. బేల్దారి పనికి, కాంక్రీటు పనికి మనుషులు కావలసినవాళ్లు వచ్చి మాట్లాడుకుని తీసుకుపోతారు. ఒకరోజు ఉదయం ఎండ ఏటవాలుగా పడుతోంది. ఇనుప తట్ట తలకిందులుగా ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులు ఆన్చి, ఒకామె పనికి పిలుపు కోసం ఎదురు చూస్తోంది. జూమ్ లెన్సుతో తీశాను. నేను తీసిన ఫోటోలన్నిటిలో అది మంచిదని నా మిత్రులందరూ అన్నారు. పెద్దది చేయించి, మా బడి వార్షికోత్సవంలో పెట్టిన ఫోటోల ప్రదర్శనలో నా చేతులతో నేనే గోడకు తగిలించాను. కింద 'శ్రమజీవి' అని పేరు కూడా రాశాను.

సాయంత్రం నా తరగతి పిల్లవాడొకడు ఆ ఫోటో ముందు నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు పిల్లలు చేరి, 'మీ అమ్మ ఆఫీసులో పని చేస్తుందంటివే!' అంటున్నారు. వాడు ఏడవలేదు. నా వైపు చూశాడు, అంతే. ఆ చూపు ఇప్పటికీ నన్ను విడిచిపెట్టలేదు.

ఫోటో అప్పుడే తీసేశాను. మరునాడు ఉదయం ఆ కూలీల దగ్గరికి వెళ్లాను. కెమెరా తీసుకెళ్లలేదు. ఆమెది మడకశిర పక్క పల్లె. క్షమించమని అడిగాను. ఆమె కోప్పడలేదు. నిదానంగా ఇలా అంది: "సార్, కూలి చేసేది సిగ్గు కాదు, అది నాకూ తెలుసు. అయితే చెప్పల్సింది నేను గదా? మా అత్తగారి ఊళ్లో కంపెనీ పని అని చెప్పుకొనుండాను. పిల్లోడికీ అదే చెప్పినాను. వానికి బుద్ధి తెలిసినాక కూర్చోబెట్టుకొని నేనే చెప్పల్లని ఉంటి. మీరు దాన్ని గోడకు తగిలిస్తిరి."

శ్రోతలారా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను 'శ్రమజీవి' అని పేరు పెట్టాను గానీ ఆమె పేరేమిటని అడగలేదు. ఏళ్లుగా దాచుకున్న ఒక మాట, కొడుకుతో తానే చెప్పుకోవలసిన మాట, నా వల్ల ముందే బయటపడింది. రోడ్డు దాటి, 'అమ్మా, ఒక ఫోటో తీసుకోనా' అని అడిగి ఉంటే ఆమె వద్దనేది. అంతటితో అయిపోయేది. నా పిరికితనం ఖరీదు ఆమె కట్టింది.

అప్పుడు తెలిసింది, ఈ బెరుకులో రెండు భయాలు కలిసిపోయి ఉన్నాయని. ఒకటి, నన్ను ఏమనుకుంటారో అన్న భయం. రెండోది, ఈ ఫోటో వల్ల అవతలి మనిషికి ఏమవుతుందో అన్న భయం. మొదటిది వదులుకోవలసింది. రెండోది భద్రంగా దాచుకోవలసింది. జూమ్ లెన్సుతో నేను చేసినదేమిటంటే, మొదటిదాన్ని వదిలించుకోబోయి రెండోదాన్ని కూడా పారేశాను.

పెద్దవాళ్లు ఈ సంగతి ఎలా సర్దుకున్నారో చూద్దాం. మన హైదరాబాదులో ఆరవ నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫరు ఉండేవారు. 1844లో పుట్టి 1905లో కాలం చేశారు. ఆ రోజుల్లో పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోవడం జరగని పని. ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫోటో తీసే బాధ్యత ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. ఎదుటివాళ్లు ఎవరి ముందైతే కుదురుగా కూర్చోగలరో ఆలోచించి, ఆ ఏర్పాటు చేశారన్నమాట. కెమెరా ఇంత పెట్టె సైజులో ఉన్న కాలంలోనే ఆ మర్యాద ఉంది.

ఫ్రెంచి ఫోటోగ్రాఫరు ఆన్రీ కార్టియే బ్రెసాఁ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1948 జనవరి 30న, గాంధీజీ హత్యకు కొద్దిసేపటి ముందే ఆయన్ను కలిసి వచ్చినవాడు. తన చిన్న కెమెరాకు ఉన్న తళతళలాడే భాగాల మీద నల్ల టేపు అంటించుకుని, ఎవరి దృష్టీ పడకుండా వీధుల్లో తిరిగేవాడు. అలా వీధిలో జనాన్ని తీసిన ఆ మనిషికే తనను ఎవరైనా ఫోటో తీస్తే ఇష్టముండేది కాదు. అంటే, ఎంత పేరున్నవాడికైనా కెమెరాకు అటువైపు నిలబడితే మనలాగే ఇబ్బంది. ఇది గుర్తుంచుకుంటే ఎదుటివాళ్ల మొహమాటం మనకు అర్థమవుతుంది.

హోమై వ్యారవాలా 1913లో పుట్టారు. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా చెప్పుకుంటాం. చీర కట్టుకుని, బరువైన కెమెరాలు మోసుకుంటూ, మగవాళ్ల గుంపులో నిలబడి పనిచేశారు. ఆవిడ పడిన జంకు ముందు మన జంకు ఎంత? 2011లో పద్మవిభూషణ్ అందుకుని, ఆ మరుసటి ఏడాది కన్నుమూశారు. మన కన్నడనాటి టి.ఎస్. సత్యన్ మైసూరువారు. 1923లో పుట్టి 2009లో పోయారు. సామాన్యుల బతుకు తీయడంలో, ముఖ్యంగా పిల్లల ఫోటోలు తీయడంలో దిట్ట. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరంలో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఆయన తీసిన పిల్లల ఫోటోల ప్రదర్శన జరిగింది. ఇటు తెలంగాణలో, 2022లో మరణించిన భరత్ భూషణ్ ఏళ్ల తరబడి పల్లెల్లో తిరిగి ఇళ్లు, తలుపులు, పనిలో ఉన్న ఆడవాళ్లు, బతుకమ్మ పండుగ, అన్నీ తీసిపెట్టారు. మళ్లీ మళ్లీ వెళ్లేవాడు పరాయివాడుగా మిగలడు. వీళ్ల ఫోటోలు చూడండి. అందులోని మనుషులు బెదిరిపోయినట్టు ఉండరు.

ఇంకో ఉదాహరణ అమెరికాది. 1936 మార్చిలో డొరొతియా లాంగ్ అనే ఆవిడ కాలిఫోర్నియాలో నిపోమో అనే ఊరి దగ్గర, బఠానీ కోతకు వచ్చిన కూలీల గుడారాల పక్కగా కారులో పోతూ ఉంది. మొదట ఆగలేదు. ఇరవై మైళ్లు పోయాక మనసు ఊరుకోక వెనక్కి తిప్పింది. అక్కడ పిల్లలతో కూర్చున్న ఒక తల్లి ఫోటో తీసింది. 'వలస తల్లి' అనే పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. ఫోటోలు పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ గుడారాలకు ఆహారం పంపింది. కానీ ఆ తిండి చేరేసరికి ఆ తల్లి కుటుంబం అక్కడ లేదు, పని వెతుక్కుంటూ ముందుకు పోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. అంటే నలభై రెండేళ్ల తర్వాత. ఆ ఫోటోతో తనకేమీ ఒరగలేదని ఆమె బాధపడింది. 1983లో ఆమె జబ్బు పడినప్పుడు మాత్రం ఆ ఫోటోను మరిచిపోని జనం వైద్యానికి డబ్బు పంపారు. ఒక్క ఫోటోలో ఇంత మంచీ ఉంది, ఇంత నొప్పీ ఉంది.

అలాగే 1984లో పాకిస్తానులోని ఒక శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల ఆఫ్ఘన్ బాలిక ఫోటో మీరు చూసే ఉంటారు. 1985 జూన్‌లో ఒక అమెరికా పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆమె పేరు షర్బత్ గుల అని తెలిసింది 2002లో. లోకమంతా చూసిన తన ఫోటోను ఆమె అప్పటిదాకా చూడనే లేదు. ఈ రెండు కథలు చదివినప్పుడు నాకు ఇనుప తట్ట మీద ఆన్చిన ఆ రెండు చేతులే గుర్తొచ్చాయి.

ఇక బెరుకు పోగొట్టుకునే దారి ఏమిటంటారా? నాకు పనికొచ్చినవి చెబుతాను.

మొదటిది. మొదటి వారం కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి. ఒకే వీధిలో, ఒకే వేళకు నడవండి. ఒకరి దగ్గర టీ తాగండి, ఒకరి దగ్గర పూలు కొనండి. రెండు మాటలు మాట్లాడండి. రెండో వారం కెమెరా భుజాన వేసుకుని వెళ్లండి, కానీ తీయకండి. మూడో వారానికి వాళ్లే అడుగుతారు, 'ఏం సార్, ఊరికే మోసుకొని తిరుగుతావుండారే' అని.

రెండోది. ముఖంతో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసేవాడు, ఎత్తు నుంచి టీ తిరగపోసేవాడు, చెప్పులు కుట్టేవాడు, మూర కొలిచి పూలు తెంపే ఆమె. తన పనితనం అంటే ఎవరికైనా గర్వమే. 'నీ చేతిపని తీసుకోనా' అంటే కాదనేవాళ్లు తక్కువ. చేతుల నుంచి ముఖం దాకా పోవడానికి పెద్ద దూరం ఉండదు.

మూడోది. వాళ్ల భాషలో అడగండి. సరిహద్దు మనుషులం మనం, మనకు రెండు భాషలు పుట్టుకతోనే వస్తాయి, ఇది మన అదృష్టం. కన్నడంలో 'ఒందు ఫోటో తెగీలా' అంటే చాలు. ఉర్దూ మాట్లాడేవాళ్లయితే 'ఏక్ ఫోటో లేలూ క్యా'. తమిళులైతే 'ఒరు ఫోటో ఎడుక్కలామా'. మాట తప్పు పోయినా నష్టం లేదు. మీ ఉచ్చారణ విని వాళ్లు నవ్వితే ఇంకా మంచిది, సగం పని అయిపోయినట్టే. ఏ భాషా కలవకపోతే కెమెరా కొంచెం పైకెత్తి, కళ్లతో అడగండి. తల అడ్డంగా ఊపితే దించేయండి.

నాలుగోది నేను తరగతి గదిలో పిల్లల చేత చేయించే పద్ధతి లాంటిది. అందరి ముందు మాట్లాడలేని పిల్లవాడికి 'తప్పు లేకుండా చెప్పు' అంటే నోరు పెగలదు. 'ఐదు తప్పులు చేసి రా, చూద్దాం' అంటే నవ్వుతూ మొదలుపెడతాడు. అలాగే ఒక ఆదివారం, ఐదుగురి చేత 'వద్దు' అనిపించుకుని రావాలని బయలుదేరండి. నేను అలాగే వెళ్లాను. ఐదు 'బేడ'లు పోగు చేయడానికి నాకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఎందుకంటే మధ్యలో పదిహేనుమంది 'తెగీరి సార్' అన్నారు! వద్దన్న ఐదుగురికీ నమస్కారం పెట్టి వచ్చాను. ఆకాశం ఊడిపడలేదు. కాదు అనే మాట విని బతికి బయటపడవచ్చని ఒళ్లుకు తెలియాలి. బుద్ధికి తెలిస్తే చాలదు.

ఐదోది. కెమెరా ముందే సిద్ధం చేసుకోండి. ఎదుటివాళ్లను నిలబెట్టి మీరు మీటలు వెతుక్కుంటుంటే ఇద్దరికీ ఇబ్బంది. పెద్ద కెమెరా ఉన్నవాళ్లకు ఒక చిట్కా. 35 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎపర్చరు ఎఫ్ 8 వద్ద ఉంచి, మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేసి వదిలేస్తే, మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సారున్న కెమెరాలో దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నవి స్పష్టంగా వస్తాయి. షట్టరు వేగం సెకనులో 250వ వంతు ఉంటే నడిచే మనిషి కూడా చాలావరకు చెదరడు. పాత పత్రికా ఫోటోగ్రాఫర్ల అలవాటు ఇది. ఫోను అయితే పక్కనున్న శబ్దం పెంచే మీటతో కూడా చాలా ఫోన్లలో ఫోటో తీయవచ్చు. చేతులకు పని కంఠతా వస్తే మనసు ఎదుటి మనిషి మీద ఉంటుంది. బోధనాభ్యాసంలో పాఠ్యప్రణాళిక ఎందుకు రాయిస్తారో ఇందుకూ అందుకే.

ఆరోది, అన్నిటికంటే ముఖ్యమైనది. తీసినది వెంటనే చూపించండి. బాగాలేదు, తీసేయమంటే వాళ్ల ఎదుటే తీసేయండి. బాగుందంటే ఒక ప్రతి వేయించి ఇవ్వండి. ఒక కాఫీ తాగినంత ఖర్చు. 'ఇస్తాను' అని చెప్పి ఇవ్వకపోతే మాత్రం మీ తర్వాత కెమెరాతో వచ్చేవాడికి కూడా ఆ వీధిలో తలుపు మూసినట్టే. ఇచ్చారా, మరునాటి నుంచి ఆ వీధిలో మీరు అపరిచితులు కారు. అపరిచితులే లేకపోతే బెరుకు ఎవరి దగ్గర?

జనం తమంతట తామే మైమరచి ఉండే సమయాలూ ఉంటాయి. జాతరలు, రథోత్సవాలు అలాంటివి. మా యలహంకలో 1996 నుంచి రెండేళ్లకొకసారి విమానాల ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజుల్లో మేడల మీద, రోడ్ల పక్కన జనం తలలన్నీ ఆకాశం వైపే. విమానం ఉరిమితే చెవులు మూసుకునే పిల్లలు, వాళ్లను భుజాన ఎత్తుకున్న తండ్రులు. అందరూ పైకి చూస్తుంటే నేను కింద వాళ్లను చూస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇలాంటి చోట్లు బాగా పనికివస్తాయి.

దాచుకోవలసిన ఆ రెండో భయం ఎక్కడెక్కడ అవసరమో కూడా చెప్పాలి. వైమానిక స్థావరం గోడ మీద ఫోటోలు నిషిద్ధమని బోర్డు ఉంటే అది ఉత్తుత్తి మాట కాదు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. చిన్నపిల్లలను తీయాలంటే తల్లినో తండ్రినో అడగాలి. స్నానఘట్టాల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో, చావు ఇంట్లో, తాగి పడిపోయిన మనిషి దగ్గర కెమెరా సంచిలోనే ఉండాలి. ఆడవాళ్లు ఏకాంతంగా ఉన్నప్పుడు దొంగచాటుగా ఫోటో తీయడాన్ని 2013లోనే నేరం చేశారు, 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా అది నేరమే.

ఇంకొక్క సంగతి. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ దావా వేసిన పుట్టస్వామి గారు మన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆ దావా మొదలైంది ఆధార్ విషయంలో, వీధి ఫోటోల గురించి కాదు. కానీ తన గురించి ఏది ఎవరికి ఎప్పుడు తెలియాలో తేల్చుకునే హక్కు మనిషికి ఉందన్న భావం చదివినప్పుడు నాకు మడకశిర ఆమె మాటే వినబడింది. 'చెప్పల్సింది నేను గదా' అని ఆమె అన్నది కూడా అదే కదా! తట్టలు మోసే తల్లి రోడ్డు పక్కన నిలబడి ఒక్క వాక్యంలో చెప్పిన సంగతి అది.

పూర్వం ఫోటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని మన పెద్దవాళ్లు భయపడేవారు. మనం నవ్వుకునేవాళ్లం. ఫోటో ఒకసారి ఫోనులోకి ఎక్కి గ్రూపుల వెంట ఊరూరా తిరిగే ఈ రోజుల్లో ఆలోచిస్తే, ఆయుష్షు తరగదు గానీ, మనిషి దగ్గర నుంచి ఏదో ఒకటి పోతుందని వాళ్లు అనుకున్నది పూర్తిగా వెర్రి కాదనిపిస్తుంది. అందుకే అడిగి తీసుకోవాలి. ఇచ్చినది తీసుకోవాలి.

ఆ తర్వాత కూలీల దగ్గరికి అప్పుడప్పుడు పోతూనే ఉన్నాను. మొదట్లో ఎవరూ తీయమనలేదు. ఒకరోజు ఒక మేస్త్రీ ఏదో అర్జీకి పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలన్నాడు. తీసి ఇచ్చాను. మరొకామె ఊళ్లో ఉన్న ముసలి తండ్రికి పంపడానికి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది. అలా నన్ను 'ఫోటో సారు' చేసేశారు. ఇప్పుడు అక్కడ కెమెరా ఎత్తితే నాకు గుండె దడ లేదు. జూమ్ లెన్సు అమ్మేశాను.

ఆమె మాత్రం ఎప్పుడూ తన ఫోటో తీయమనలేదు. నేనూ అడగలేదు. పోయిన వేసవిలో, బడి సెలవులు ఇచ్చే ముందు రోజు, కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. అవ్వకు పంపాలి, వాడిదొకటి తీయండి సార్ అంది. వాడు గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఆమె వాడి తల దువ్వి, భుజాన ఉన్న బడి సంచి తీసుకుని, ఫోటోలో తాను పడకుండా నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడింది. ఇనుప తట్ట కూడా అక్కడే నేల మీద ఉంది. తీసేముందు నేను ఆమె వైపు చూశాను. తట్టను కాలితో ఇంకొంచెం పక్కకు నెట్టి, సరే అన్నట్టు తలూపింది. అప్పుడు తీశాను.

శ్రోతలారా, రేపు వీధిలో మీకూ ఒక ముఖం కనబడుతుంది. చేయి జేబులోకి పోయి ఆగిపోతుంది. అప్పుడు ఆ బెరుకును ఒక్క ప్రశ్న వేయండి: ఈ భయం నా కోసమా, ఆ మనిషి కోసమా? మీ కోసమైతే నాలుగడుగులు ముందుకు వేసి, నవ్వుతూ అడగండి. ఆ మనిషి కోసమైతే ఆగిపోండి. రెండింటిలో ఏది చేసినా మీరు పిరికివాళ్లు కారు.